పక్కింటావిడకి రాడ్, మా అమ్మకి బాల్... ఎందుకండీ?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అమ్మకి 76 ఏళ్లు. మొన్న తెల్లవారుజామున బాత్రూమ్‌లో జారి పడింది. లేవలేకపోయింది. ఎక్స్‌రే తీసి తుంటి దగ్గర ఎముక విరిగిందన్నారు. రిపోర్టులో ‘ఫ్రాక్చర్ నెక్ ఆఫ్ ఫీమర్, డిస్‌ప్లేస్డ్’ అని రాసి ఉంది. బాల్ తీసేసి కొత్తది పెట్టాలంటున్నారు. పోయినేడు మా పక్కింటావిడ కూడా ఇలాగే పడితే రాడ్ వేశారు, ఇప్పుడు చక్కగా తిరుగుతోంది. మాకు మాత్రం బాల్ మార్చాలనడం డబ్బుల కోసమేనా? మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు, చేయిస్తే పూర్తి హిప్ రీప్లేస్‌మెంటే చేయించమంటాడు. మా మేనమామ ఈ వయసులో కొయ్యడమేంటి, పుత్తూరు కట్టు కట్టిద్దామంటాడు. అమ్మకి షుగరు, బీపీ ఉన్నాయి. రెండేళ్ల క్రితం పక్షవాతం లాంటిది వచ్చి తగ్గినప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ అనే మాత్ర వేసుకుంటోంది, అది ఆపి వారం ఆగితే గానీ ఆపరేషన్ కుదరదన్నారు. మొన్నటిదాకా ఒక్కతే గుడికి నడిచి వెళ్లొచ్చేది. ఏం చెయ్యాలో తోచడం లేదు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు:

చూడమ్మా, మీ మెయిల్ నిన్న రాత్రి చూశాను, మూడు రోజులు గడిచిపోయాయి కాబట్టి ముందు ముఖ్యమైన మాట చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోండి. అమ్మకి ఆపరేషన్ కావాలి. వారం ఆగక్కర్లేదు, వీలైతే రేపో ఎల్లుండో అయిపోవాలి. మీ రిపోర్టులో ఉన్న మాట నిజమైతే ఆవిడ వయసుకి బాల్ మార్చడమే సరైన దారి, అందులో మోసం నాకైతే కనపడలేదు.

ఇక పక్కింటావిడ సంగతి. తుంటి విరిగింది అని అందరం ఒకే మాట అంటాం గానీ అక్కడ విరిగే చోట్లు వేరు, ఒక్కో చోటికి ఒక్కో లెక్క. తొడ ఎముక పైభాగం చేతికర్ర పిడిలా లోపలికి వంగి ఉంటుంది. ఆ వంపు చివర ఒక బంతి, అది నడుము ఎముకలోని గిన్నెలో కూర్చుని తిరుగుతుంది. బంతికి కాస్త కింద సన్నగా ఉండే భాగం మెడ. మెడ దిగాక బయటికి, లోపలికి పొడుచుకొచ్చిన రెండు బుడిపెలు ఉంటాయి, వాటిని ట్రోకాంటర్లు అంటాం. పక్కకి తిరిగి పడుకుంటే పరుపుకి ఒత్తుకునే గట్టి ఎముక ఉంటుంది చూడండి, అదే పెద్ద ట్రోకాంటర్. మీ అమ్మకి విరిగింది మెడ, డిస్‌ప్లేస్డ్ అంటే అది పక్కకి జరిగిందని. పక్కింటావిడకి బహుశా ఈ రెండు బుడిపెల మధ్య విరిగి ఉంటుంది. వేలెడు దూరం కూడా ఉండదు ఆ రెండు చోట్ల మధ్య, కానీ వైద్యం మాత్రం మొత్తం మారిపోతుంది.

ఎందుకంటారా, మీది కృష్ణా డెల్టా కాబట్టి మీకు తేలిగ్గా అర్థమయ్యేలా చెప్తాను. బంతికి రక్తం చాలా వరకు కింది నుంచే వస్తుంది, మెడని అంటిపెట్టుకుని పైకి పాకే సన్నటి నాళాల్లోంచి. పంట బోదె లాంటిదనుకోండి. బంతి అనేది శివారు పొలం. మెడ విరిగి పక్కకి జరిగిందంటే బోదెకి గండి పడ్డట్టే, శివారు మడికి ఇక నీళ్లందవు. మనం ఎంత బాగా స్క్రూలు బిగించినా రక్తం అందని బంతి నెలల తరబడి అతుక్కోకుండా ఉండిపోవచ్చు, అతుక్కున్నా ఏడాది రెండేళ్లకి ఎండిపోయి కుంగిపోవచ్చు. పెద్ద వయసులో పక్కకి జరిగిన మెడ విరుపుకి స్క్రూలు వేస్తే ముగ్గురిలో ఒకరికి దాకా మళ్లీ ఆపరేషన్ చెయ్యాల్సి వస్తుంది. 76 ఏళ్ల మనిషిని రెండుసార్లు బల్ల ఎక్కించడం కంటే మొదటిసారే ఆ బంతి తీసేసి లోహపు బంతి పెట్టేస్తే మర్నాడే నిలబెట్టొచ్చు. బాల్ అనడంలో ఉన్న లాజిక్ అంతే.

అదే మెడ చిట్లినా జరగకుండా ఉన్నచోటే ఉందనుకోండి, అప్పుడు స్క్రూలు సరిపోతాయి, చిన్న కోతలోంచి మూడు స్క్రూలు బిగించేస్తారు. గార్డెన్ అనే సర్జన్ 1961లో ఈ మెడ విరుపుల్ని నాలుగు రకాలుగా విడదీశారు, ఇప్పటికీ అదే వాడుతున్నాం. ఫైల్లో గార్డెన్ 1, 2 అని ఉంటే జరగనట్టు. 3, 4 అని ఉంటే జరిగినట్టు. ఒకసారి చూడండి. పాతికేళ్ల కుర్రాడు బైక్ మీంచి పడి మెడ విరగ్గొట్టుకుంటే మాత్రం ఎంత జరిగినా సరే, సరిచేసి స్క్రూలు వేసి సొంత బంతిని కాపాడుకోవడానికే చూస్తాం, అర్ధరాత్రయినా సరే థియేటర్ తెరిపిస్తాం, ఎందుకంటే వాడు ఆ కాలితో ఇంకో యాభై ఏళ్లు నడవాలి.

ట్రోకాంటర్ల మధ్య విరిగితే రక్తానికి లోటుండదు, చుట్టూ దిట్టమైన కండ, ఎముక అతుక్కుంటుంది. వదిలేస్తే వంకరగా, పొట్టిగా అతుక్కుంటుంది, పైగా అన్నాళ్లూ మనిషి మంచం దిగలేదు, అందుకని దాన్ని నిటారుగా పట్టి ఉంచే సాధనం కావాలి. రెండు ముక్కలుగా తిన్నగా విరిగితే డీహెచ్‌ఎస్ అనే స్క్రూ-ప్లేటు చాలు. నుజ్జయినా, విరిగిన గీత ఏటవాలుగా తిరగబడి ఉన్నా, బయటి గోడ పగిలినా ఎముక మధ్యలోంచి రాడ్ దింపి దాంట్లోంచి బంతిలోకి స్క్రూ ఎక్కిస్తారు, అదే పీఎఫ్‌ఎన్. ట్రోకాంటర్ల కింద విరిగితే మోకాలి దాకా వెళ్లే పొడుగు రాడ్. రాడ్ కేసుల్లో ఎక్కువగా చెడేది స్క్రూ బంతిని చీల్చుకుని బయటికి రావడం. స్క్రూ కొస బంతి నడిమధ్యలో, పైఅంచుకి దగ్గరగా కూర్చుందా అని చూడ్డానికి 1995 నుంచి ఒక కొలత ఉంది, రెండు వైపుల ఎక్స్‌రేల్లోనూ కొస నుంచి అంచు దాకా కొలిచి కలిపితే 25 మిల్లీమీటర్ల లోపు రావాలి. పక్కింటావిడ డాక్టరు అది బాగా కుదిర్చి ఉంటారు, ఆవిడ నడకే చెప్తోంది. కానీ మీ అమ్మ ఫ్రాక్చర్‌కి అదే రాడ్ వేస్తే, ఎంత గొప్పగా వేసినా, పైన చెప్పిన బోదె గొడవ తీరదు.

ఇప్పుడు మీ అన్నయ్య మాట. ఆయన పూర్తిగా తప్పని అనను. బాల్ మార్చడంలో రెండు రకాలు: బంతి ఒక్కటే మార్చి గిన్నెని అలాగే ఉంచడం, దీన్ని హెమీ అంటాం; బంతీ గిన్నే రెండూ మార్చడం, అది టోటల్. బయట సొంతంగా తిరిగే, తెలివి చురుగ్గా ఉన్న పెద్దవాళ్లకి టోటల్ మంచిదని చాలాకాలం గట్టిగా చెప్పుకున్నాం. 2019లో 10 దేశాల్లో దాదాపు 1500 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది, రెండేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు రెండు గుంపుల్లోనూ ఇంచుమించు 8 శాతమే. టోటల్ చేసినవాళ్లు కాస్త మెరుగ్గా తిరిగారు గానీ ఆ తేడా చిన్నది, బంతి గిన్నెలోంచి జారిపోయే బెడద మాత్రం వాళ్లలోనే కొంత ఎక్కువ. పడకముందే ఆ కీలు అరిగి నొప్పి ఉండి ఉంటే టోటల్ చేయించండి, మరో మాట లేదు. అలాంటిదేం లేకపోతే, నన్నడిగితే 76 ఏళ్లకి హెమీ చాలు, ఆపరేషన్ తొందరగా అయిపోతుంది, రక్తం తక్కువ పోతుంది. టోటల్ కోసమని ఇంకో ఊరు వెళ్లి ఇంకో నాలుగు రోజులు పోగొట్టుకోవడం మాత్రం ఏ లెక్కన చూసినా నష్టమే. ఇది అన్నయ్యకి పంపండి, కోపం వస్తే నా మీద పడనివ్వండి.

హెమీలో మిమ్మల్ని ఇంకో రెండు మాటలు అడుగుతారు. ఒకటి, యూనిపోలారా బైపోలారా అని. బైపోలార్ అంటే బంతి లోపల ఇంకో చిన్న బంతి తిరుగుతుంది. మన దగ్గర ఎక్కువగా అదే వేస్తున్నారు, మంచిదే, కానీ పెద్ద వయసువాళ్ల నడకలో దానివల్ల భూమ్యాకాశాల తేడా ఏమీ కనపడలేదు, కాబట్టి దానికోసం అప్పు చెయ్యకండి. ఆస్టిన్ మూర్ అని పాత రకం ఒకటి ఉంది, 1940లో అమెరికాలో మూర్ అనే సర్జన్ మొదటి లోహపు తుంటి పెట్టిన రోజుల నాటి వంశం అది, చవక. బాల్ కాడని ఎముకలో పట్టి ఉంచే సిమెంటు లేకుండా ఊరికే దిగ్గొట్టేస్తారు, వదులై తొడ నొప్పి రావడం మామూలే, మంచం నుంచి కుర్చీ దాకా మాత్రమే కదిలే మనిషికైతే సరే గానీ గుడికి నడిచి వెళ్లే మనిషికి నేనైతే వెయ్యను.

రెండోది, సిమెంటా కాదా అని. ఇక్కడ మాత్రం నా అభిప్రాయం గట్టిది. పెద్దవాళ్ల గుల్లబారిన ఎముకకి సిమెంటే మంచిది. 2022లో బ్రిటన్‌లో 60 దాటిన 1225 మందిని పోల్చి చూశారు, సిమెంటు వేసినవాళ్లు మెరుగ్గా ఉన్నారు, కొత్త బాల్ చుట్టూ ఎముక మళ్లీ విరగడం కూడా వాళ్లలో బాగా తక్కువ. సిమెంటు నింపేటప్పుడు కొందరికి ఉన్నట్టుండి బీపీ పడిపోయే ప్రమాదం ఉంది, అరుదే గానీ ఉంది, అందుకే గుండె బాగా బలహీనంగా ఉంటే మత్తు డాక్టరూ సర్జనూ ముందే మాట్లాడుకుంటారు. మీరు అడగాల్సింది ఒక్కటే: ‘మా అమ్మకి సిమెంటు వేస్తున్నారా, వెయ్యకపోతే ఎందుకు?’

ఇక మేనమామ గారు. పుత్తూరు కట్టుని ఎగతాళి చేసేవాణ్ణి కాదు నేను. చెయ్యి చిట్లినా, ఎముక కదలకుండా ఉన్నా, కదలకుండా కట్టి ఉంచితే అతుక్కునే స్వభావం ఎముకకే ఉంది. తొడ ఎముక మెడ అలాంటిది కాదు. మూడు నాలుగు అంగుళాల కండ కింద, కీలు సంచీ లోపల, ఊరే ద్రవంలో ఉంటుంది, పైనుంచి ఎంత బిగించి కట్టినా ఆ కట్టు లోపలి ముక్కని పట్టుకోలేదు.

మా నాయనమ్మకి ఇదే విరిగింది, నేను మెడిసిన్‌లో చేరకముందు. ఈ వయసులో కోత వద్దని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. మంచం కాళ్ల వైపు రెండేసి ఇటుకలు ఎత్తు పెట్టి, కాలికి పట్టీ అంటించి, తాడు కట్టి, చివర ఇసక సంచీ వేలాడదీశారు. మొదటి పది రోజులు బాగానే మాట్లాడింది, వచ్చినవాళ్లందరికీ కాఫీ ఇప్పించేది. మూడో వారంలో నడుము కింద చర్మం ఎర్రబడింది, నెల తిరిగేసరికి గుప్పెడంత పుండు. మా అమ్మ గదిలో పొద్దున్నా సాయంత్రం సాంబ్రాణి వేసేది, ఆ వాసన ఈ వాసన కలిసి... ఇప్పటికీ సాంబ్రాణి పొగ తగిలితే నాకు ఆ గదే గుర్తొస్తుంది. చివరికి ఆవిడ పోయింది ఎముక వల్ల కాదు, నెమ్ము చేసి పోయింది. తుంటి విరిగిన పెద్దవాళ్లని తీసుకుపోయేవి ఇవే: నెమ్ము, మంచం పుండ్లు, మూత్రంలో చీము, కాళ్లలో రక్తం గడ్డకట్టడం. ఆపరేషన్ చేసినా ఏడాది లోపు పోయేవాళ్లు ఉంటారు, ఇది దాచను, ఐదుగురిలో ఒకరన్నా పోతారని చాలా దేశాల లెక్కలు చెప్తాయి. చెయ్యకుండా పడుకోబెడితే ఇంకా ఎక్కువ. మీరు భయపడాల్సింది బల్లకి కాదమ్మా, మంచానికి.

అందుకే ఆ వారం రోజుల మాట నాకు నచ్చలేదు. క్లోపిడోగ్రెల్ కోసం తుంటి ఆపరేషన్ ఐదారు రోజులు ఆపడం పాత అలవాటు. ఇప్పుడు చాలామంది ఆపడం లేదు, వెన్నులో సూది వేస్తే రక్తం కారుతుందని అనుమానం ఉంటే పూర్తి మత్తు ఇస్తారు, రక్తం ఒకటి రెండు యూనిట్లు సిద్ధంగా పెట్టుకుంటారు. గుండెకి ఈమధ్యే స్టెంట్ వేసి ఉంటే కథ వేరు, మీ అమ్మకి అలాంటిది ఉన్నట్టు మీరు రాయలేదు. వార్ఫరిన్ లాంటివైతే విరుగుడు ఉంది, కొత్తరకం రక్తం పలచబరిచే మాత్రలైతే ఒకటి రెండు రోజులు ఆగాలి. మాత్ర మీ అంతట మీరు ఆపకండి, వెయ్యకండి, మత్తు డాక్టర్‌ని నేరుగా కలిసి ‘ఈ మాత్ర మీదే చెయ్యగలరా, చెయ్యలేకపోతే ఎక్కడ చేస్తారు’ అని అడగండి. షుగరు, బీపీ ఒకరోజులో దారికి తేవచ్చు. గుండె స్కాన్‌కి, అంటే ఎకోకి, అపాయింట్‌మెంట్ దొరకలేదని శుక్రవారం నుంచి సోమవారం దాకా ఆపేవాళ్లు ఉంటారు, గట్టిగా అడగాల్సింది అక్కడే.

2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, 17 దేశాల్లో 2970 మంది, ఆరు గంటల్లో చేసినా 24 గంటల్లో చేసినా మరణాల్లో తేడా రాలేదు, కాకపోతే తొందరగా చేసినవాళ్లకి మతి తప్పడం తగ్గింది, తొందరగా నిలబడ్డారు. కాబట్టి గంటల లెక్కన కంగారు పడక్కర్లేదు, రోజుల లెక్కన మాత్రం పడాలి.

ఈలోపు నొప్పికి గజ్జల దగ్గర నరానికి మత్తు సూది ఇస్తారా అని అడగండి, ఫేషియా ఇలియాకా బ్లాక్ అంటారు, మార్ఫిన్ లాంటివి తగ్గించుకోవచ్చు. కాలికి బరువు కట్టి ఉంటే దానివల్ల నొప్పి పెద్దగా తగ్గదు, వాళ్లు కట్టారని గొడవ పడకండి, అంతే. మడమల కింద చిన్న దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడండి, పుండు ముందు అక్కడే పడుతుంది. ఆపరేషన్ ఎప్పుడో తెలియకుండా పొద్దున్నించీ పస్తు ఉంచనివ్వకండి. మంచినీళ్లు మామూలుగా రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు, షుగరు ఉంది కాబట్టి మత్తు డాక్టర్‌ని అడిగి ఇవ్వండి.

డబ్బు సంగతి అడగలేదు గానీ డబ్బుల కోసమేనా అన్నారు కాబట్టి చెప్తున్నా. మీ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద, మన పాత ఆరోగ్యశ్రీయే, అవుతుందేమో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర అడగండి. అమ్మకి 70 దాటాయి, 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డుకి ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా. అదీ ఆ డెస్కులోనే కనుక్కోండి. సొంత డబ్బుతో చేయిస్తే ప్యాకేజీలో ఇంప్లాంట్ ఖరీదు కలిసి ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. ఇంప్లాంట్ డబ్బా మీద కంపెనీ, సైజు, నంబరు ఉన్న స్టిక్కర్లుంటాయి, వాటిని కేస్ షీట్‌లో అంటిస్తారు, ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. పదేళ్ల తర్వాత ఏదైనా తేడా వస్తే అప్పటి డాక్టర్‌కి మొదట కావాల్సింది ఆ ముక్కే.

ఆపరేషన్ అయ్యాక మర్నాడే వాకర్ పట్టుకుని నిలబెట్టాలి. సిమెంటు వేసిన బాల్ అయితే పూర్తి బరువు మోపొచ్చు. ‘ఇంకా రెండ్రోజులు పడుకోనివ్వండి పాపం’ అనే చుట్టాలని గది బయటే కూర్చోబెట్టండి. కాళ్లు అడ్డంగా వెయ్యకూడదు, పీట మీద, నేల మీద కూర్చోకూడదు, నేల మరుగుదొడ్డి కుదరదు కాబట్టి ఇంటికి రాకముందే కమోడ్ కుర్చీ తెప్పించండి. రెండో రాత్రో మూడో రాత్రో ఆవిడ మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు, గోడ మీద ఎవరో ఉన్నారంటుంది, సెలైన్ పీకేస్తానంటుంది, ఎప్పుడో చనిపోయినవాళ్లతో మాట్లాడొచ్చు. పిచ్చి కాదు, చాలావరకు నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది. కళ్లజోడు పెట్టండి, పగలు కర్టెన్లు తీసి వెలుతురు రానివ్వండి, రాత్రి మీలో ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని కూర్చోండి. అలా మొదలవగానే నర్సుకి చెప్పండి, మూత్రం ఆగిపోయినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా కూడా ఇలాగే అవుతుంది.

డిశ్చార్జ్ కాగితంలో ఎముక గుల్లబారడానికి మందు రాశారా చూడండి, చాలా చోట్ల మర్చిపోతారు, నాకు ఒళ్లు మండే విషయం ఇది. బాత్రూమ్‌లో జారితే విరిగేంత పలచబడింది ఆవిడ ఎముక, ఆ బాల్ పెట్టగానే రెండో తుంటి గట్టిపడదు కదా. విటమిన్ డి చూసి సరిచేసి, కిడ్నీ బాగుంటే, రెండు వారాలు దాటాక జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఏడాదికొకటి ఇస్తారు. 2007లో తుంటి విరిగినవాళ్ల మీదే దీన్ని పరీక్షిస్తే కొత్త విరుపులు మూడో వంతుకి పైగా తగ్గాయి, మరణాలు కూడా తగ్గాయి. మూడో నెల చెకప్‌లో దీని గురించి అడుగుదామని వాయిదా వెయ్యకండి.

మీ అన్నయ్యకి సెలవు దొరికేది ఒక్కసారే అయితే ఆపరేషన్ రోజుకి రమ్మనకండి, ఆ వారం చుట్టాలు ఎలాగూ నిండుగా ఉంటారు. మూడో వారానికి రమ్మనండి, అందరూ వెళ్లిపోయి, అమ్మ విసుక్కుంటూ వాకర్ ముట్టనంటూ ఉంటే మీకు నడుం పడిపోయేది అప్పుడే.

డేట్ ఖాయమయ్యాక ఒక్క ముక్క రాయండి. ఎక్స్‌రే ఫొటో మళ్లీ పంపేటట్టయితే ఫిల్మ్‌ని కిటికీ అద్దానికి ఆనించి ఫ్లాష్ లేకుండా తీయండమ్మా, మొన్న పంపినదాంట్లో సరిగ్గా బంతి ఉన్నచోటే తెల్లగా ఫ్లాష్ పడి నాకేం కనపడలేదు. నేను ఇదంతా మీ రిపోర్టులో ఉన్న ఆ ఒక్క లైను నమ్మి రాశాను.